పేరు చెప్పిన గొంతు

చిక్కుడు గింజల సూపుకి తొందర పనికిరాదు. ముందురోజే నానెయ్యాలి, మొదటి నీళ్ళు పారబొయ్యాలి, దింపే ముందు ఎండు పుదీనా నలిపి వెయ్యాలి. బెలాగోరా కొండమీద, ఇనుప తాడు మీద మనుషుల్ని పైకి తెచ్చే లిఫ్టు ఆగే చోటు పక్కనున్న కాపలా గుడిసెలో ఏళ్ళ తరబడి నేను చేస్తున్న పని ఇదే. నా పేరు పారస్కేవా. వండుతాను, పొయ్యిలో కట్టెలు వేస్తాను, దేవుడి పటం ముందు దీపం ఆరకుండా చూసుకుంటాను. మా ఇంట్లో పోయినవాళ్ళ పేర్లూ, వాళ్ళు పోయిన తీరూ నాకు తప్ప ఎవరికీ సరిగ్గా గుర్తుండవు. అందుకని వాటిని గుర్తుపెట్టుకోవడం కూడా నా పనే అయింది.

మా మామగారు ఈ కొండకి కాపలావాడు. ఆయన తర్వాత మా ఆయన స్తామెన్. ఇప్పుడు మా అమ్మాయి నెవెనా. కొండ కాపలా అంటే తుపాకీ పట్టుకుని నిలబడటం కాదు. తెల్లవారుతూనే అందరికంటే ముందు కొండెక్కాలి. రాత్రి గాలికి మంచు ఎక్కడ పేరుకుందో చూడాలి, విరిగిపడేలా ఉంటే పేలుడు మందు పెట్టి ముందే కూలగొట్టాలి. కూలగొట్టలేని చోట తాడు కట్టాలి. స్కీలు వేసుకుని జారుతూ కాళ్ళు విరగ్గొట్టుకున్నవాళ్ళకి కట్టు కట్టి, స్లెడ్జి మీద పడుకోబెట్టి, పసిపిల్లని దించినట్టు దించాలి. సాయంత్రం అందరికంటే చివర దిగాలి.

ఇంతా చేసి వీళ్ళు కాపాడేది ఎవరిని అంటే, ఎక్కువ చెప్పను. అందర్నీ ప్రేమించమన్నాడు దేవుడు. ప్రయత్నిస్తూనే ఉన్నాను. కానీ ఆయన వీళ్ళకి సూపు వడ్డించలేదు కదా.

రాజధాని నుంచి వస్తారు. బట్టలు చూస్తే చంద్రమండలానికి బయల్దేరినట్టుంటారు, కాళ్ళకి స్కీలు తగిలిస్తే అప్పుడే పుట్టిన దూడల్లా తడబడతారు. తాడు కట్టి ఉంటే గొర్రె కూడా ఆగుతుంది. వీళ్ళు ఆగరు. తాడు వీళ్ళకి అవమానం. తమని ఆపడానికి తమ బతుకులో ఇంతవరకూ ఎవరూ తాడు కట్టలేదట! గుంటలో పడి, చీమిడి గడ్డకట్టి, ప్రాణాలు కళ్ళలో పెట్టుకుని ఉన్నవాణ్ని మా వాళ్ళు పైకి లాగితే, వాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట, "ఇంత ఆలస్యమా?"

సాయంత్రం లిఫ్టు ఆపేశాక కొండని ఊడుస్తారు, ఊడుపు అనే అంటారు దాన్ని. చీపురుతో కాదు. కాపలావాళ్ళు పైన అడ్డంగా వరస కడతారు. నెమ్మదిగా దిగుతూ, ప్రతి మలుపులో ఆగి, "మూసేస్తున్నాం! ఎవరైనా ఉన్నారా?" అని కేకేస్తారు. ఊపిరి బిగబట్టి వింటారు. ఏమీ వినబడకపోతే కిందికి, ఇంకో మలుపుకి. అలా ఊడ్చుకుంటూ వాళ్ళు దిగాక, వాళ్ళ వెనక మిగిలిన కొండ ఇక మనుషులది కాదు. ఈ మాట మా మామగారు అనేవారు. నవ్వుతూ అనేవారు కాదు.

కొండకి ఎడమ అంచున పొడుగూతా తాడు ఉంటుంది. తాడు అవతల తోడేలు గొంతు. ఇరుకైన లోయ, పై పెదవి మీద గాలి తెచ్చి పోసిన మంచు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. లోపలికి ఎండ దిగదు. తడిసిన రాయి వాసన, ఇనుము వాసన వస్తుంటుంది అందులోంచి.

స్తామెన్ పోయింది అక్కడే.

ఆ రోజు ఊడుస్తుంటే లోయలోంచి ఎవరో పిలిచారు. "ఇక్కడ... ఇక్కడున్నాను..." అని. హోటల్ అతిథి ఒకడు లెక్కకి రాలేదని అప్పటికే కింద గోలగా ఉంది. స్తామెన్ తాడు దాటి వెళ్ళాడు. పై పెదవి విరిగింది. మర్నాడు పొడుగాటి ఊచలతో మంచుని పొడిచి పొడిచి ఆయన్ని బయటికి తీశారు. చేతులు తవ్వుతున్నట్టే ఉన్నాయి.

మరి ఆ అతిథో? హోటల్ బార్లో కాళ్ళు చాపుకుని వేడి వైన్ తాగుతున్నాడు. తాడు కింద నుంచి దూరాడట, భయమేసి వెంటనే వెనక్కి వచ్చేశాడట, ఎవరికీ చెప్పాలని తోచలేదట. "నేను కేకలేమీ వెయ్యలేదే," అన్నాడు నా మొహం చూస్తూ. అబద్ధం చెప్పేంత తెలివి కూడా లేదు ఆ మొహంలో.

మరి స్తామెన్‌ని పిలిచిందెవరు?

అప్పటినుంచీ పొగమంచు కమ్మిన సాయంత్రాల్లో ఆ గొంతు వినబడుతూనే ఉంది. మగగొంతో ఆడగొంతో చెప్పలేం. "ఇక్కడ..." అంటుంది. అంతే. స్తామెన్ స్నేహితుడు గ్రోజ్‌దాన్, ఇప్పుడు కాపలావాళ్ళకి పెద్ద, ఆయన ఒక పద్ధతి పెట్టాడు. పొగమంచులో ఎవరు పిలిచినా ముందు పేరడగాలి. బతికున్నవాడు అడగ్గానే పేరు చెబుతాడు, ఊరు కూడా చెబుతాడు, వాళ్ళమ్మ పేరు కూడా చెబుతాడు. అది మాత్రం చెప్పదు. పేరు చెప్పనిదాని దగ్గరికి వెళ్ళకూడదు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఈ మాటకి నవ్వుతారు. ఒక్క పొగమంచు సాయంత్రం చాలు, ఆ నవ్వు ఆగిపోవడానికి.

మా గుళ్ళల్లో బతికున్నవాళ్ళ కొవ్వొత్తులు పై పళ్ళెంలో, పోయినవాళ్ళవి కింద ఇసకలో పెడతాం. గుడిసెలో కూడా పటం పక్కన అలా రెండు రేకు డబ్బాలు పెట్టుకున్నాను. ఊడుపు మొదలవగానే కింద ఇసకలో స్తామెన్‌కి ఒకటి, పై అరలో నెవెనాకి ఒకటి వెలిగిస్తాను. "కొండ శుభ్రం" అని వాకీటాకీలో వినబడ్డాక నెవెనాది ఆర్పుతాను. స్తామెన్‌ది దానంతటది ఆరిపోతుంది.

పోయిన ఏడాది, ఈస్టర్‌కి ముందొచ్చే పెద్ద ఉపవాసాలు ఇంకా మొదలవకముందు, ఒక మధ్యాహ్నం వాలెరి వచ్చాడు.

ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. సముద్రం ఒడ్డున సొంత హోటళ్ళున్నాయట. వేలికి నల్లరాయి ఉంగరం. బల్లమీద దాంతో టకటకలాడించాడు, గుర్రాన్ని పిలిచినట్టు.

"ఏయ్ ముసలమ్మా! ఈ గంజి ఎవరికి? మాకా, పందులకా?"

"ఆకలైనవాళ్ళకి, బాబూ."

స్నేహితులు పడీపడీ నవ్వారు. వాళ్ళ పని అదే. వాలెరి గిన్నెలో చెంచా తిప్పుతూ పటం వైపు చూశాడు.

"అదేంటి, రెండంతస్తులు కట్టావు? పైన బాల్కనీ, కింద నేల టికెట్టా?"

"పైన బతికున్నవాళ్ళకి. కింద పోయినవాళ్ళకి."

"అయితే నాకు పైనే పెట్టు. ముందు వరసలో." మళ్ళీ నవ్వులు.

పెట్టలేదు. దేవుడు క్షమించాలి, ఆ మనిషికి మైనం దండగ అనిపించింది.

అప్పుడే నెవెనా లోపలికొచ్చింది, భుజాలమీద మంచు దులుపుకుంటూ. "ఎడమ పక్క తాడు దాటకండి. నిన్నంతా గాలి వీచింది. పైన ముద్ద వేలాడుతోంది, తుమ్మితే పడుతుంది."

"అమ్మాయీ, నీకు పెళ్ళయిందా?"

"తాడు గురించి చెప్పాను. సంబంధం అడగలేదు."

ఈసారి నవ్వు స్నేహితులకి పొరపాటున వచ్చింది. వాలెరి మొహం ఎర్రబడింది. సూపు సగంలో వదిలేసి లేచాడు.

కాసేపయ్యాక బల్లగుడ్డ దులపడానికి బయటికి వెళ్ళాను. ఎడమ అంచున వాలెరి తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎదురుగా నెవెనా. స్కీలు అడ్డంగా పెట్టి కదలకుండా నిలబడింది, వాళ్ళ నాన్నలాగే.

"తాడు నీదా, కొండ నీదా? నేనెవరో తెలీదా నీకు?" అని అరిచాడు. ఆమె పలక్కపోయేసరికి లోయ వైపు తిరిగి, కొండంతా వినబడేలా మళ్ళీ అరిచాడు. "నేనెవరో తెలీదా!"

తోడేలు గొంతులోకి ఏ కేకేసినా వెంటనే తిరిగొస్తుంది. చిన్నప్పుడు నెవెనాకి అదొక ఆట. ఆ మధ్యాహ్నం మాత్రం తిరిగి రాలేదు. బల్లగుడ్డ చేతుల్లో పట్టుకుని విన్నాను. ఏమీ రాలేదు. మిఠాయి బుగ్గన పెట్టుకున్నట్టు, లోయ ఆ కేకని ఉంచేసుకుంది.

నేను లోపలికి వచ్చేశాను. సూపు అడుగంటుతోంది.

సాయంత్రానికి పొగమంచు దిగింది. ముందు చెట్లు పోయాయి, తర్వాత లిఫ్టు స్తంభాలు, తర్వాత గుడిసె మెట్లు. కిటికీ అద్దానికి ఎవరో బూడిద పూసినట్టయింది. లిఫ్టు ఆగింది. ఇనుప తాడు కాసేపు మూలిగి ఊరుకుంది. కింద నుంచి హోటల్ మేనేజర్ గొంతు వాకీటాకీలో గరగరలాడింది.

"గ్రోజ్‌దాన్! వాలెరిగారు ఇంకా దిగలేదు. ఆయన స్నేహితులు వచ్చేశారు."

"స్నేహితులేమంటున్నారు?"

"తాడు దాటి ఒక్కసారి చూసొస్తానన్నారట. ఆయన... చూడు, ఆయన మామూలు మనిషి కాదు. మంత్రిగారి పక్కన కూర్చునే మనిషి. ఏమన్నా అయితే మనందరి ఉద్యోగాలూ..."

"మామూలు మనిషైతే పరవాలేదా?" అన్నాడు గ్రోజ్‌దాన్.

మేనేజర్ వాకీటాకీ కట్టేశాడు. బారు కుర్చీలో కూర్చుని కొండని కాపాడే రకం.

ఊడుపు మొదలైంది. ఎడమ అంచు నెవెనాది. తండ్రి చోటు అడిగి మరీ తీసుకుంది, నేనొద్దన్నా వినలేదు. కింద ఇసకలో ఒక కొవ్వొత్తి, పై అరలో ఒకటి వెలిగించాను. వాకీటాకీ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. దాన్ని వింటాను గానీ ఎప్పుడూ మీట నొక్కను. కాపలావాళ్ళ మాటల్లో వంటామె దూరకూడదు.

"మూసేస్తున్నాం! ఎవరైనా ఉన్నారా?" నెవెనా గొంతు. తర్వాత నిశ్శబ్దం. పొయ్యిలో కట్టె చిటపట.

మళ్ళీ కేక. మళ్ళీ నిశ్శబ్దం.

"గ్రోజ్‌దాన్ బాబాయ్..." ఈసారి గుసగుస. "ఎవరో పలికారు. పైన, కురచ దేవదారు చెట్ల దగ్గర."

"పేరడుగు."

"ఎవరక్కడ? పేరు చెప్పండి!"

ఆమె మీట నొక్కే ఉంచింది. గాలి రాసుకుంటున్న చప్పుడు. దాని వెనక నుంచి సన్నగా, కోపంగా...

"నేనెవరో తెలీదా?"

 లోయలో గొంతు ఇంతవరకూ "ఇక్కడ" తప్ప ఇంకో మాట అనలేదు. మరి ఇది మనిషేనా?

"పేరు చెప్పలేదు, బాబాయ్."

"కదలకు. నేనొస్తున్నా."

"ఆగండి... ఇంకొకటి. కిందనుంచి. లోయలోంచి." ఆమె ఊపిరి వినబడుతోంది. "పేరు చెప్పండి!"

ఈసారి గొంతు దూరంగా, తడిగా ఉంది.

"వాలెరి... నా పేరు వాలెరి..."

 నెవెనా మెల్లిగా అంది, "లోయలో ఉన్నది పేరు చెప్పింది. నేను తాడు దాటుతున్నా."

పద్ధతి ప్రకారం అదే సరి. పేరు చెప్పిందాని దగ్గరికే వెళ్ళాలి. గ్రోజ్‌దాన్ కూడా "నెమ్మదిగా, పెదవి కింద నిలబడకు," అంటున్నాడు.

నేను కొవ్వొత్తి వైపు చూశాను. పై అరలోది. మంట పక్కకి వాలింది. గుడిసెలో ఎక్కడా గాలి లేదు.

మీట నొక్కాను.

"నెవెనా. ఆగు."

"అమ్మా?"

"ఆ మనిషి పేరు చెప్పడు. అడగ్గానే బళ్ళో పిల్లాడిలా పేరు చెప్పే మనిషి కాడు వాడు. చచ్చేటప్పుడు కూడా నేనెవరో తెలీదా అనే అంటాడు. మధ్యాహ్నం చూశావుగా. లోయలోది వాలెరి కాదు. చెట్ల దగ్గరికి వెళ్ళు."

"వదినా," అన్నాడు గ్రోజ్‌దాన్, "పద్ధతి అది కాదు."

"ఆ పద్ధతి మనుషులకి. వీడికి కాదు."

గాలి చప్పుడు. లోయలోంచి ఆ గొంతు మళ్ళీ వచ్చింది, ఏదో అంది, నాకు సరిగ్గా వినబడలేదు. నెవెనా స్కీలు మంచుమీద మెలితిరిగిన చప్పుడు మాత్రం వినబడింది. పైకి ఎక్కుతోంది. చెట్ల వైపు. ఒక అడుగు... ఇంకొకటి... ఊపిరి...

అప్పుడు కూలింది.

ముందు కిటికీ అద్దం వణికింది. తర్వాత చెంచాలు. తర్వాత చప్పుడు, బండ్లకొద్దీ రాళ్ళు మెత్తటి గుడ్డమీద పోసినట్టు, పొడుగ్గా, ఆగకుండా. నేను మోకాళ్ళమీద పడ్డాను. ఏ ప్రార్థన చేశానో గుర్తులేదు. పేరు మాత్రం నెవెనాదే.

ఆగింది.

"...అమ్మా." దగ్గు. "నేను చెట్ల దగ్గరే ఉన్నా. తాడంతా పోయింది. నేను నిలబడ్డ చోటు... లేదమ్మా ఆ చోటు."

"లోయలో గొంతు?" అన్నాడు గ్రోజ్‌దాన్.

"ఆగిపోయింది."

నెవెనా మళ్ళీ అంది. "ఇక్కడ ఆయన ఉన్నాడు. వాలెరి. చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. మోకాలు మెలిపడింది. బతికే ఉన్నాడు."

నేను దేవుడి పటానికి నుదురు ఆనించి ఏడ్చాను.

గుడిసె దగ్గరే కాబట్టి నెవెనా, గ్రోజ్‌దాన్ కలిసి అతన్ని స్లెడ్జి మీద పైకే లాక్కొచ్చారు. పొయ్యి పక్క బెంచీమీద కూర్చోబెట్టారు. సూపు పోసిచ్చాను. చెంచాతో టకటకలాడిస్తాడేమో అని చూశాను. లేదు. రెండు చేతులతో గిన్నె పట్టుకున్నాడు.

"చల్లగా ఉందమ్మా," అన్నాడు. "చాలా మంచివారు మీరు."

నెవెనా నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది.

"నా పేరు వాలెరి," అన్నాడు. ఎవరూ అడగలేదు.

"తెలుసండీ," అంది నెవెనా.

"వాలెరి. వాలెరి." చెప్పులు కొత్తవి వేసుకుని నడిచి చూసుకుంటున్నట్టు చెప్పుకున్నాడు.

నెవెనా నా చెవిలో, "చూశావా, కొంచెం భయపడితే మనుషులవుతారు," అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మధ్యాహ్నం ఏయ్ ముసలమ్మా అని, ఇప్పుడు అమ్మా అంటాడు. ప్రాణభయంతో వచ్చే మర్యాద కాళ్ళు తుడుచుకోవడానికి కూడా పనికిరాదు. అలా అనుకుంటూ కట్టె వెయ్యడానికి వంగి, పైకి చూశాను.

అతని కనుబొమల మీద మంచు పలుకులు ఉన్నాయి. పొయ్యి పక్కనే కూర్చున్నాడు. నెవెనా జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, గ్రోజ్‌దాన్ మీసం లోంచి కారుతున్నాయి. అతని కనుబొమలమీద పలుకులు అలాగే, పొడిగా, మెరుస్తూ ఉన్నాయి. చేతుల్లో గిన్నెలో సూపు మీద సన్నటి పొర కట్టింది. నెయ్యి పొర అనుకున్నాను. నేను ఉపవాసాలకి ముందు కూడా ఆ సూపులో నెయ్యి వెయ్యను.

మేనేజర్ మంచు బండి పంపాడు, రెండు దుప్పట్లూ, బ్రాందీ, క్షమాపణలూ పంపాడు. అతన్ని దించారు. గ్రోజ్‌దాన్ వెళ్ళకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా. లోయలో ఆ గొంతు... కూలే ముందు ఇంకో మాట అంది. విన్నావా?"

"లేదు."

"దయచేసి అంది." టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. "ఇన్నేళ్ళలో అది దయచేసి అనలేదు."

"నేర్చుకుని ఉంటుంది."

"ఊచలు తీసుకుని వెతకమంటావా?"

"ఎవర్ని? అందరూ లెక్కకి వచ్చారుగా. వాలెరి ఇప్పుడే బండెక్కాడు. కూలగా మిగిలిన ముద్ద ఇంకా పైన వేలాడుతోంది, ఇంకొకరి బిడ్డని పంపుతావా తప్పిపోనివాడి కోసం?"

గ్రోజ్‌దాన్ టోపీ తలమీద పెట్టుకున్నాడు. నిజమే కదా, తప్పిపోనివాణ్ని ఎలా వెతుకుతారు?

మర్నాటినుంచీ ఊడుపులో "ఇక్కడ" అనే గొంతు లేదు. దాని బదులు, పొగమంచు ఉన్నా లేకపోయినా, తాడు అవతల నుంచి "వాలెరి... నా పేరు వాలెరి... దయచేసి..." అని వినబడేది. మా వాళ్ళు ఆగేవాళ్ళు. పేరు చెబుతోంది. ఊరు చెబుతోంది. వాళ్ళమ్మ పేరు కూడా చెబుతోంది. వాలెరి రాజధానిలో కొత్త హోటలుకి రిబ్బను కత్తిరిస్తున్నట్టు టీవీలో చూశాం కదా అనుకుని దిగిపోయేవాళ్ళు. ఒక వారం తర్వాత ఆ గొంతు కూడా ఆగింది.

మంచు కరిగాక గ్రోజ్‌దాన్ పాత తాడు ముక్కలు ఏరడానికి లోయలోకి దిగాడు. వచ్చి, బల్లమీద ఒకటి పెట్టాడు. నల్లరాయి ఉంగరం. ఇంకేమీ దొరకలేదన్నాడు. అడుగున ఏరు ఉంది, అది ఏమి తీసుకుపోయిందో ఏరుకే తెలియాలి.

టీవీలో కత్తెర పట్టుకున్న చేతిని నేను బాగా చూశాను. ఆ వేలికీ ఉంగరం ఉంది.

దాన్ని పటం వెనక పెట్టాను. గ్రోజ్‌దాన్ నా మొహంలోకి చూశాడు. నావల్లే పొరపాటు జరిగిందన్న మాట ఆయనకి కావాలి, నాకు తెలుసు. నేను అనను. ఆ మనిషి నోటితో "దయచేసి" అనగలడని ఎవరు నమ్ముతారు? అతని స్నేహితులే నమ్మరు. నా బిడ్డ బతికింది. అంతే నాకు కావలసింది.

ఈ ఏడాది ఆత్మల శనివారం వచ్చింది. పోయినవాళ్ళ కోసం ఉడికించిన గోధుమలమీద పంచదార చల్లి, తీసుకుని కింద ఊళ్ళో గుడికి వెళ్ళాను. నెవెనా కొండమీదికి వెళ్ళిపోయింది. సెలవురోజు, జనం ఎక్కువ. తోడేలు గొంతుమీద గాలి రెండ్రోజులుగా మంచు పోస్తోందని పొద్దున రొట్టె తింటూ చెప్పింది.

మా వాళ్ళ పేర్లన్నీ చెప్పుకుంటూ కింద ఇసకలో ఒక్కొక్క కొవ్వొత్తీ గుచ్చుతున్నాను. మామగారికి. అత్తగారికి. స్తామెన్‌కి. పక్కన ఎవరో వచ్చి మోకాళ్ళమీద వంగారు. తడి రాయి వాసన... ఇనుము వాసన...

"బాగున్నారా అమ్మా," అన్నాడు వాలెరి.

మంచి కోటు వేసుకున్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కనుబొమలమీద మెరుపు అలాగే ఉంది. గుళ్ళో జనం కిక్కిరిసి ఉన్నారు, అందరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. అతని నోట్లోంచి రావడం లేదు.

అతను కొవ్వొత్తి వెలిగించి, చాలా జాగ్రత్తగా, కింద ఇసకలో గుచ్చాడు.

"ఎవరికి బాబూ?" గొంతు నాదేనా అనిపించింది.

"వాలెరికి. పాపం, చాలాసేపు పిలిచాడు." నా వైపు తిరిగి, కృతజ్ఞతగా, ముద్దుగా నవ్వాడు. "మీరు చెప్పకపోతే ఆ అమ్మాయి అటే వెళ్ళేది."

తర్వాత కోటు జేబులోంచి ఇంకో కొవ్వొత్తి తీశాడు. సన్నటిది, కొత్తది. నా కొవ్వొత్తి మంటకి ఆనించి వెలిగించుకున్నాడు. పై పళ్ళెం వైపు చూశాడు. కింద ఇసక వైపు చూశాడు. గుడి కిటికీల్లో వెలుగు మెల్లిగా బూడిదరంగుకి తిరుగుతోంది. బయట పొగమంచు దిగుతోంది.

"నెవెనాది ఎక్కడ పెట్టమంటారమ్మా?" అన్నాడు.